టైనీఎస్‌ఏతో నాలుగేళ్లు: మొరాయించిన రిపీటరు దగ్గర తేలిన సంగతులు

2021లో నేను టైనీఎస్‌ఏ అనే అరచేతి స్పెక్ట్రమ్ ఎనలైజరును (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత బలమైన సంకేతం ఉందో తెర మీద గీతలుగా చూపేది) కొన్నది కేవలం కుతూహలం కొద్దీ. విశాఖపట్నం సీతమ్మధారలో ఒక అపార్టుమెంటు పైకప్పు మీద మేము కొందరం హ్యాములం (అభిరుచి కొద్దీ రేడియో నడిపేవాళ్లం) కలిసి నడుపుకుంటున్న రెండు మీటర్ల బ్యాండు రిపీటరు (ఒక ఫ్రీక్వెన్సీ మీద విన్న మాటను అప్పటికప్పుడే మరో ఫ్రీక్వెన్సీ మీద గట్టిగా తిరిగి ప్రసారం చేసేది) మరుసటి వేసవిలో మొరాయించకపోయి ఉంటే, ఆ పరికరం ఈపాటికి బీరువాలో పాత మల్టీమీటర్ల పక్కన పడి ఉండేది. అందుచేత రిపీటరుకు వచ్చిన రోగం చెప్పకుండా పరికరం గుణదోషాలు చెప్పడం నాకు సాధ్యం కాదు.

ఉదయం పూట రిపీటరు చక్కగానే పనిచేసేది. పదకొండు దాటి పైకప్పు మీది రేకుల గది వేడెక్కేసరికి, గాజువాక నుంచి చేతి సెట్టుతో పిలిచే మిత్రుడి మాట మొదటి రెండు అక్షరాలు వినిపించి, మా ట్రాన్స్‌మిటరు లేవగానే బురబురలో మునిగిపోయేది. ఆయన మాట్లాడటం మానేసినా రిపీటరు మాత్రం ఆగక, తన ప్రసారాన్ని తానే విని, తానే మళ్లీ పలుకుతూ, మూడు నిమిషాల టైమరు నోరు మూయించేవరకూ గాలిలోనే ఉండేది. సబ్‌టోను (మాటతో పాటు పంపే మంద్రమైన గుర్తు స్వరం; అది ఉంటేనే రిసీవరు తలుపు తెరుస్తుంది) పెట్టుకున్నా ఫలితం లేకపోయింది, ఎందుకంటే మా రిపీటరు టోనును తిరిగి ప్రసారం కూడా చేస్తుంది కాబట్టి రిసీవరులోకి దూరిన దొంగ సంకేతం ఆ టోనును కూడా వెంటబెట్టుకునే వచ్చేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి సెల్‌ఫోన్లు మూగబోయిన రోజులను చూసిన వాళ్లం కనుక, రిపీటరు ఇలా సగం రోజు చెవిటిదై ఉండటాన్ని మేము తేలికగా తీసుకోలేకపోయాము.

వాట్‌మీటరు ముందుకు, యాంటెనా వైపు, 25 వాట్లు, వెనక్కు తిరిగి వచ్చేది ఒక వాటు కన్నా తక్కువ చూపించింది. దాన్ని నమ్మి, సముద్రపు గాలికి డూప్లెక్సరు (ఒకే యాంటెనాతో ప్రసారమూ వినడమూ సాగేలా రెండింటినీ వేరుచేసే ఫిల్టరు) క్యావిటీలే, అంటే దానిలోని లోహపు డబ్బాలే, చెడిపోయి ఉంటాయని తీర్మానించుకుని, రెండు ఆదివారాలు వాటిని ట్యూను చేయడంలో వృథా చేశాము. వాట్‌మీటరు ముల్లుకు ఫ్రీక్వెన్సీల తేడా తెలియదు. అసలు క్యారియరునూ (మాటను మోసే ప్రధాన తరంగాన్నీ) దాని పక్కన పుట్టిన చెత్తనూ కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. ఈ ముక్క పుస్తకాల్లో ఎన్నిసార్లు చదివినా, తెర మీద కళ్లారా చూసేవరకూ నాకు ఒంటబట్టలేదు.

మూడో ఆదివారం ట్రాన్స్‌మిటరు దగ్గర 40 డెసిబెల్ల డైరెక్షనల్ కప్లరు (శక్తిలో పదివేలో వంతు మాత్రమే బయటికి ఇచ్చే ముక్క) పెట్టి, దాని కొసకు టైనీఎస్‌ఏను తగిలించాను. 25 వాట్లు అంటే 44 డీబీఎం (ఒక మిల్లీవాటుతో పోల్చి డెసిబెల్లలో చెప్పే కొలత). కప్లరు తరువాత మిగిలేది 4 డీబీఎం. పరికరం ఇన్‌పుట్ భరించే గరిష్ఠం 10 డీబీఎం. ఆ తేడా చాలదనిపించి మరో 10 డెసిబెల్ల అటెన్యుయేటరు (సంకేతాన్ని తగ్గించే ముక్క) కూడా జోడించాను. కొత్తవారు ఎవరైనా ఈ లెక్క కట్టకుండా రిపీటరు దగ్గరకు ఈ పరికరాన్ని తీసుకుపోకూడదు.

డమ్మీ లోడు (యాంటెనాకు బదులుగా శక్తిని మింగేసే నిరోధకం) మీద క్యారియరు ఒంటరి గీతలా శుభ్రంగా కనిపించింది. డూప్లెక్సరు తగిలించగానే దానికి అటూ ఇటూ సమాన దూరంలో, దాదాపు 50 డెసిబెల్లు దిగువన, రెండేసి గీతలు మొలిచాయి. ఉదయం మొదటి గీత 480 కిలోహెర్ట్జ్ దూరంలో ఉండేది. ఎండ ముదిరేకొద్దీ మెల్లగా జరుగుతూ 600 దగ్గరకు, అంటే సరిగ్గా మా రిసీవరు వినే చోటికి చేరేది. డూప్లెక్సరు అక్కడ 80 డెసిబెల్లు అణచినా లోపలికి మైనస్ 86 డీబీఎం చేరుతుంది. పావు మైక్రోవోల్టుకు, అంటే మైనస్ 119 డీబీఎంకు పలికే రిసీవరుకు అది చెవిలో కేక వేసినట్టే. పదకొండు గంటల రహస్యం ఇదే.

ఆ గీతలు నిజమైనవా, పరికరం సొంతంగా కల్పించినవా అని తేల్చుకోవడానికి లోపలి అటెన్యుయేషన్‌ను పది డెసిబెల్లు పెంచాను. తెర మీద వాటి ఎత్తు మారలేదు; పరికరం కల్పించినవే అయితే తగ్గిపోయి ఉండేవి. తరువాత ఎక్సైటరు (యాంప్లిఫయరుకు ముందుండే దశ) డ్రైవును కొద్దికొద్దిగా తగ్గిస్తూ పోతే, ఒక హద్దు దగ్గర గీతలు దీపం ఆర్పినట్టు ఒక్కసారిగా మాయమయ్యాయి. హార్మోనిక్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెట్టింపు, మూడింతల దగ్గర వచ్చే నకలు) వంటిదైతే క్రమంగా తగ్గుతుంది. ఇలా ఉన్నట్టుండి పుట్టి ఉన్నట్టుండి చచ్చేది ఆసిలేషనే, అంటే యాంప్లిఫయరు తనంతట తాను డోలనాలు పుట్టించడమే.

యాంప్లిఫయరు ట్రాన్సిస్టరుకు తక్కువ ఫ్రీక్వెన్సీల వద్ద గెయిన్ (సంకేతాన్ని పెంచే బలం) విపరీతంగా ఉంటుంది. సరఫరా తీగ దగ్గర ఆ శక్తిని భూమికి దించవలసిన ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు ఎండిపోతే, అక్కడ కొన్ని వందల కిలోహెర్ట్జ్ వద్ద డోలనాలు మొదలై క్యారియరును మాడ్యులేట్ చేస్తాయి. దీనికి డూప్లెక్సరు తోడవుతుంది. అది తన పాస్ ఫ్రీక్వెన్సీ దగ్గర మాత్రమే 50 ఓములుగా కనిపిస్తుంది, పక్కకు జరిగితే యాంప్లిఫయరుకు ఎదురయ్యేది దాదాపు గోడే. డమ్మీ లోడు మీద బుద్ధిమంతురాలిలా ఉన్న యాంప్లిఫయరు ఇక్కడ తిరగబడటానికి కారణం అదే. మొదట యాంప్లిఫయరుకూ డూప్లెక్సరుకూ మధ్య కేబులును పావు తరంగం మేర, అంటే ఆర్‌జీ-213 రకం కేబులులో సుమారు 34 సెంటీమీటర్లు పెంచి చూశాను. గీతలు పోయాయి, పది రోజులకు వడగాలులు మొదలవగానే తిరిగి వచ్చాయి. చివరకు కెపాసిటర్లు మార్చి, యాంప్లిఫయరు తరువాత ఒక ఫెరైటు ఐసొలేటరు (శక్తిని ముందుకే పోనిచ్చి, వెనక్కు వచ్చేదాన్ని ఆపే ముక్క) పెట్టాము. దాని వల్ల అర డెసిబెల్ నష్టమై 25 వాట్లు 22 అయ్యాయి. ఎవరికీ తేడా తెలియలేదు. ఐసొలేటరులోని ఫెరైటు రెండో హార్మోనిక్‌ను పుట్టించగలదు కనుక, దాని తరువాత లో-పాస్ ఫిల్టరు (పై ఫ్రీక్వెన్సీలను ఆపేది) పెట్టి 290 మెగాహెర్ట్జ్ వద్ద కూడా తనిఖీ చేశాను. టైనీఎస్‌ఏ రెండు ఇన్‌పుట్‌లలో 350 వరకూ చూసే మేలైనదానికి అది అందుతుంది.

ఇంతవరకూ పరికరానికి పూర్తి మార్కులు. ఆ తరువాతే దాని హద్దు తెలిసింది. గీతలన్నీ పోయినా గాలి గట్టిగా వీచిన సాయంత్రాల్లో రిసీవరు కొంత మందగిస్తూనే ఉంది, తెర మీద మాత్రం ఏమీ లేదు. ఉండదు కూడా. ప్రసారపు 44 నుంచి రిసీవరు వినే మైనస్ 119 వరకూ 163 డెసిబెల్ల అంతరం. క్యారియరు పక్కన అంత లోతున ఉన్న రొదను చూపడం ఈ తరగతి పరికరం వల్ల అయ్యే పని కాదు. అప్పుడు టైనీఎస్‌ఏనే సంకేతాలు పుట్టించే జనరేటరుగా మార్చాను. అది మైనస్ 76 డీబీఎం వరకూ దిగుతుంది. బయట మరో 40 డెసిబెల్లు కలిపితే మైనస్ 116. ఆ బలహీన సంకేతాన్ని రిసీవరుకు వినిపిస్తూ, ట్రాన్స్‌మిటరును లేపుతూ దించుతూ, కేబుళ్లను ఒక్కొక్కటిగా చేత్తో కదిపాము. దోషి డూప్లెక్సరు నుంచి యాంటెనాకు పోయే జంపరు, అంటే పొట్టి కేబులు. అల్యూమినియం రేకు మీద రాగి అల్లిక ఉన్న రకం. రెండు లోహాలు ఒరుసుకున్నప్పుడల్లా రొద పుట్టిస్తోంది. పైగా కనెక్టరులో ఉప్పు తడికి పచ్చటి చిలుము. రెండు పొరల రాగి అల్లిక ఉన్న కేబులు వేశాక ఆ బాధ తీరింది.

వాడుకలోని చిన్న సంగతులు కూడా చెప్పాలి. పైకప్పు ఎండలో తెర చదవాలంటే నెత్తిమీద తువ్వాలు కప్పుకోవలసిందే; పావురాలు తప్ప చూసేవాళ్లు లేరు కాబట్టి సరిపోయింది. సాకెట్టు అరగకుండా మొదటి రోజే ఒక చిన్న అడాప్టరు బిగించి, తరువాత ఎప్పుడూ తీయలేదు. 350 మెగాహెర్ట్జ్ పైన చూసే రెండో ఇన్‌పుట్‌లో నిజంగా లేని నీడ సంకేతాలు ఎక్కువ. 435 దగ్గర గీత కనిపిస్తే వెంటనే నమ్మను, వేరే రేడియోలో విని చూస్తాను. నాలుగో వేసవిలోనూ నెలకొకసారి, మధ్యాహ్నం రెండింటికి, రేకుల గది బాగా కాగిన తరువాతే దాన్ని కప్లరుకు తగిలిస్తున్నాను.