జంటను కలిపే ఘట్టానికి రెడీమేడ్ సెట్లు: ఏది కొనొచ్చు, ఏది ఇంట్లో చేసుకోవాలి

రిజిస్టర్ పెళ్లి చేసుకుని సాయంత్రం చిన్న వేడుక పెట్టుకునేవాళ్లు, వేరే మతం వాళ్లను చేసుకునేవాళ్లు, డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో మూడు గంటల సేపే హాలు దొరికినవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. తతంగమంతా లేకపోయినా, ఇద్దరూ ఒకటయ్యారని చూసేవాళ్లకు తెలిసేలా ఒక్క ఘట్టం పెట్టుకోవాలంటే ఏది పెట్టుకోవాలి? ఇందుకోసం పెళ్లి సామగ్రి షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఇప్పుడు అలంకరించిన సెట్లు దొరుకుతున్నాయి. జీలకర్ర–బెల్లం కిన్నెలు, తలంబ్రాల ప్యాకెట్లు, జంట కొవ్వొత్తులు, రంగుల ఇసుక సీసాలు. మా మాట ముందే చెప్పేస్తాం. జీలకర్ర–బెల్లం పెట్టుకోండి. ఇద్దరి మధ్య పట్టే అడ్డుతెర కొనుక్కోండి, ముద్ద మాత్రం ఇంట్లోనే నూరుకోండి.

కొనే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. ఈ ఘట్టం పెళ్లికి అందమా, లేక పెళ్లే దాని మీద నిలబడుతుందా? హిందూ వివాహ చట్టం, 1955లోని 7వ సెక్షన్ ప్రకారం ఇరువైపులవాళ్లలో ఎవరో ఒకరి ఆచారం ప్రకారం తంతు జరగాలి. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు పడ్డాకే పెళ్లి పూర్తయినట్టు. తంతు జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటే తెచ్చుకుంటే అది హిందూ వివాహం కాదని 2024లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. పురోహితుడు లేకుండా దండలు మార్చుకున్నా చెల్లేలా తమిళనాడు 1967లో 7ఎ సెక్షన్ తెచ్చుకుంది. మన రెండు రాష్ట్రాల్లో అది లేదు. కాబట్టి దండల పెళ్లి చేసుకునేవాళ్లు, ఇసుకో కొవ్వొత్తో పెట్టుకునేవాళ్లు ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద ముప్పై రోజుల నోటీసు ఇచ్చి, ముగ్గురు సాక్షులతో రిజిస్టర్ చేయించుకోవడం క్షేమం. ఆ పని అయిపోతే ఇక ఏ ఘట్టమైనా మీ ఇష్టం.

జీలకర్ర–బెల్లం సంగతి. మనవైపు చాలా ఇళ్లల్లో సుముహూర్తం అంటే తాళి కట్టే వేళ కాదు, జీలకర్ర–బెల్లం పెట్టే వేళ. శుభలేఖలో వేసే గంటా నిమిషమూ దీనివే. కలిపి నూరాక జీలకర్ర ఏదో బెల్లం ఏదో విడదీయలేం, అందుకే జంటకు దాన్ని పోలికగా చెబుతారు. విడమర్చి చెప్పకుండానే వేరే భాషవాళ్లకు కూడా అర్థమయ్యే ఘట్టం ఇది. నిప్పు అక్కర్లేదు, హాలు వాళ్ల అనుమతి అక్కర్లేదు, మంత్రం లేకపోయినా నిలబడుతుంది. పావుగంటలో అయిపోతుంది.

సెట్లలో వచ్చేది రెండు చిన్న మూత కిన్నెలు, రాళ్లు పొదిగిన ఆకు ఆకారపు పళ్లాలు, ఒక ప్లాస్టిక్ పొట్లంలో ముద్ద. కిన్నెలు బాగానే ఉంటాయి. ముద్దతోనే చిక్కు. జీలకర్ర పొడిని మెత్తటి బెల్లంతో కలిపి కట్టిన పొట్లం, వీడియో లైట్ల వేడికి పది నిమిషాల్లో కారడం మొదలుపెడుతుంది. పాపిటలోంచి నుదుటికి, నుదుటి నుంచి భాసికం దారానికి జారుతుంది. నిలవున్న పొట్లమైతే రాయిలా గట్టిపడి తల మీద నిలవదు. ఇక రాళ్లు పొదిగిన పళ్లాన్ని తల మీద అదిమితే జుట్టు పట్టుకుంటుంది. అది ఫొటోకే తప్ప తలకు పనికిరాదు. తమలపాకును మించింది లేదు.

ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది. యాభై గ్రాముల జీలకర్ర మీద రెండు చెంచాల నీళ్లు చిలకరించి అరగంట ఉంచండి. తడి పైకి తేలకుండా బట్ట మీద ఆరబెట్టి, రోట్లో కచ్చాపచ్చాగా దంచండి. దంచుతూనే యాభై అయిదు, అరవై గ్రాముల గట్టి ముదురు బెల్లం కొద్దికొద్దిగా వేయండి. నీళ్లు ఇక వేయకూడదు. చేతికి అంటుకోకుండా, నొక్కితే వేలిముద్ర పడేలా వచ్చిందంటే పాకం కుదిరినట్టే. నిమ్మకాయంత ముద్దలు రెండు వస్తాయి, కాస్త మిగులుతుంది. బెల్లం ఎక్కువైతే కారుతుంది, జీలకర్ర ఎక్కువైతే పొడిపొడిగా రాలి కళ్లల్లో పడుతుంది. మిక్సీలో వేస్తే బ్లేడు వేడికి బెల్లం కరిగి పేస్టవుతుంది. రోలు లేనివాళ్లు పచ్చడి బండతోనో అల్లం దంచే చిన్న రోటితోనో కానివ్వండి. పాలిపోయిన తెల్లటి బెల్లం వద్దు, తేమ లాగేసి జారుతుంది.

ముద్దను ముందురోజు చేసి పెట్టకండి. ముహూర్తానికి రెండు మూడు గంటల ముందు చాలు. పళ్లెంలో పెట్టి, ఆ పళ్లేన్ని నీళ్లున్న వెడల్పాటి బేసిన్‌లో ఉంచితే చీమలు ఎక్కవు. చీమ ఎక్కిన ముద్ద పెళ్లికూతురి తల మీదికి చేరితే ఆ పావుగంట ఆ పిల్ల పడే బాధ ఎవరికీ కనబడదు. ఇది చిన్న విషయం కాదు. తమలపాకులు అరచేయంత ఉండాలి. విదేశాల్లో అవి పెద్ద ఇండియన్ స్టోర్లలో మాత్రమే దొరకొచ్చు, వారం ముందే చెప్పి పెట్టుకోండి. తడిబట్టలో చుట్టి ఫ్రిజ్ కింది అరలో పెట్టండి. ఫ్రీజర్‌లో పెడితే నల్లబడతాయి.

ఇంకో మాట మేకప్ ఆర్టిస్టుకు ముందుగానే చెప్పాలి. నడినెత్తి మీద అరచేయంత చోటు చదునుగా వదలమనండి. పాపిడి బిళ్ల, నాగరం, పఫ్ అన్నీ అక్కడికే వచ్చి చేరితే ముద్ద నిలవదు, పెళ్లికొడుకు దాన్ని అదిమిపట్టలేక చేయి మారుస్తూనే ఉంటాడు. పెళ్లికొడుకు తలపాగా కూడా అంతే. పైభాగం మూసి ఉంటే తీసి పక్కన పెట్టాలి. ఘట్టం అయ్యాక ముద్దను దువ్వెనతో లాగకండి. గోరువెచ్చని నీళ్లు పోస్తే బెల్లం దానంతటదే కరిగిపోతుంది, జీలకర్ర నీళ్లతో జారిపోతుంది. తర్వాతే షాంపూ.

అడ్డుతెర కొనదగ్గ వస్తువే. ఇంట్లో కుట్టించినా ఖర్చు పెద్దగా తగ్గదు. కొలతలు మాత్రం చూసుకోండి. పీటల మీద కూర్చుంటే తల నేల నుంచి సుమారు మూడడుగుల ఎత్తులో ఉంటుంది. అప్పుడు నాలుగడుగుల ఎత్తు, అయిదడుగుల వెడల్పు సరిపోతుంది. కుర్చీల మీద కూర్చోబెడితే తల నాలుగున్నర అడుగుల దాకా వస్తుంది, ఆ తెరనే పట్టుకునేవాళ్లు ఎత్తి పట్టాలి. నెట్ బట్ట తెరలు కొనకండి, అవతలి మనిషి కనబడితే తెర ఎందుకు? అద్దాలు, కుందన్లు నిండా కుట్టినవి చూడ్డానికి బాగుంటాయి గానీ బరువు. ముహూర్తం వచ్చేదాకా పట్టుకున్నవాళ్ల చేతులు వణికి తెర కుంగిపోతుంది. పై అంచున కర్ర దూర్చేందుకు గొట్టంలా మడత ఉన్న తెర తీసుకోండి, బరువు సగం తీరిపోతుంది. తీసేటప్పుడు పక్కకు లాగితే భాసికాలకూ పూలజడకూ తగులుకుంటుంది. కిందికి దించాలి. తెర దిగగానే ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే ఆ క్షణం కోసమే హాలంతా మెడలు సాచి చూస్తుంది.

తలంబ్రాల ప్యాకెట్ల గురించి గట్టిగానే చెప్పాలి. రంగు థర్మకోల్ ఉండలు, ప్లాస్టిక్ ముత్యాలు, మెరుపు పొడి కలిపిన ప్యాకెట్లు అస్సలు కొనకండి. థర్మకోల్ జుట్టుకూ పట్టుచీరకూ అంటుకుని ఎంత దులిపినా రాలదు. మెరుపు పొడి కంట్లో పడితే నలుపుకున్నకొద్దీ గీసుకుంటుంది. ప్లాస్టిక్ ముత్యాలు పాలరాతి నేల మీద కాలికింద గోళీల్లా దొర్లుతాయి. అన్నిటికన్నా మనసుకు కష్టం కలిగించేది వేరే ఉంది. ఒట్టి బియ్యమైతే ఊడ్చి జల్లించి పక్షులకు వేయొచ్చు. ఇవి కలిస్తే ఆ బియ్యమంతా చెత్తకుప్పలోకే పోతుంది. తలంబ్రాలు చెత్తలో పడేయడం ఏ పెద్దవాళ్లకూ చేతులు రాని పని.

బియ్యం తలంబ్రాలు కలపడానికి పావుగంట పట్టదు. కిలో పాత సన్నబియ్యం తీసుకుని నూకలు జల్లించండి, అక్షతలంటే విరగనివని అర్థం. రెండు చెంచాల పసుపు, ఒకటిన్నర చెంచా కరిగిన నెయ్యి వేసి రెండు చేతులతో గింజగింజకూ పట్టేలా రుద్దండి. నెయ్యి లేకపోతే పసుపు దుమ్ములా లేచి కళ్లు మండుతాయి. నీళ్లతో కలిపితే నీడలో రెండు మూడు గంటలు ఆరాలి, లేకపోతే ఉండలుగా పడి బట్టల మీద మరకలు చేస్తుంది. మూడు దోసిళ్ల వరకే అయితే ఇద్దరికీ కలిపి కిలో చాలు. ఆ తర్వాత పోటాపోటీగా పోసుకోవాలంటే రెండున్నర, మూడు కిలోలు. మధుపర్కాల మీద పసుపు పడితే శుభమే. అద్దెకు తెచ్చిన షేర్వాణీ అయితే పైన కండువా కప్పండి, పసుపు మరక మామూలు ఉతుకుతో పోదు. చెక్క నేల ఉన్న హాల్లో పీటల చుట్టూ పాత దుప్పటి పరిస్తే జారిపడే భయం ఉండదు, ఊడ్చే పనీ సగం తగ్గుతుంది.

తలంబ్రాలు పసుపుపచ్చగానే ఉండాలనేమీ లేదు. భద్రాచలం సీతారామ కల్యాణంలో వాడేవి గులాలు కలిపి ఎర్రగా ఉంటాయి. తెలంగాణ ఆర్టీసీ వాటిని శ్రీరామనవమి తర్వాత కార్గోలో ఇళ్లకు అందిస్తోంది. ఆ పొట్లం తెప్పించుకుని నాలుగు గింజలు మీ బియ్యంలో కలుపుకోవచ్చు. ఏ సెట్టులోనూ దొరకని విలువ అది.

జంట కొవ్వొత్తి సెట్టులో రెండు సన్నటి కొవ్వొత్తులు, మధ్యలో ఒక లావుపాటిది ఉంటాయి. చెరొకటి వెలిగించి, ఆ రెండు మంటలతో మధ్యది వెలిగించి, తమవి ఊదేయడం పద్ధతి. అమెరికా చర్చి పెళ్లిళ్లలో బాగా వాడుకలో ఉన్నది. తెలుగు చుట్టాల ముందు చేసేటప్పుడు ఆ చివరి పనే ఇబ్బంది. దీపం ఆరింది అని నోటితో అనడానికే మన ఇళ్లల్లో ఇష్టపడరు, కొండెక్కింది అంటారు. అలాంటిది పెళ్లినాడు జంట చేతులతోనే రెండు దీపాలు ఊదేస్తుంటే ముందు వరుసలో కూర్చున్న అమ్మమ్మల మొహాలు మారిపోతాయి. ఒంటి వత్తిదీ అదే బాధ. ఒక్క వత్తి దీపాన్ని మనవాళ్లు శుభకార్యాల్లో వెలిగించరు. మార్గం లేకపోలేదు. చేతిలో కొవ్వొత్తులు ఊదకుండా అలాగే పక్క స్టాండులో నిలబెట్టండి. మధ్యలో లావు కొవ్వొత్తి బదులు ఇత్తడి కుందిలో నువ్వులనూనె పోసి రెండు వత్తులు కలిపి వేయండి, ఇద్దరూ చెరో వైపు నుంచి అంటించండి. కొవ్వొత్తే కావాలంటే ముందురోజు రెండు నిమిషాలు వెలిగించి వత్తి నల్లబడనివ్వండి, కొత్త వత్తి తొందరగా అంటుకోదు. ఏసీ గాలి తగిలే చోటా, ఆరుబయటా ఈ ఘట్టం పెట్టుకోకండి. హాలు వాళ్లు మంటకు ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా తీసుకోండి.

చెరో రంగు ఇసుకను ఒకే సీసాలోకి పోసే ఇసుక సీసా ఘట్టం, పిల్లలున్న జంటలకు, రెండో పెళ్లి చేసుకునేవాళ్లకు మేం చెప్పే మొదటి మాట. పిల్లలకు కూడా తలో రంగు ఇసుక ఇచ్చి పోయించవచ్చు, వాళ్లను ఒక మూల నిలబెట్టకుండా ఘట్టంలోకి తెచ్చే సులువైన దారి. కొనేటప్పుడు సీసా నోరు చూడండి. రెండంగుళాలకన్నా సన్నమైతే ఇద్దరూ ఒకేసారి పోయలేరు, సగం బల్ల మీదే పడుతుంది. సెట్టుతో వచ్చే ఇసుక తరచూ చాలదు. సీసాను ముందే నీళ్లతో నింపి కొలిచి, ఆరబెట్టి, అంత కొలత ఇసుక సిద్ధం చేసుకోండి. అంచుదాకా నిండకపోతే ఇంటికి తెచ్చేలోపు కుదుపులకు పొరలన్నీ కలిసి ఒకే మట్టిరంగు మిగులుతుంది. విజయవాడ, విశాఖ ఉక్కకు చౌకరకం రంగు ఇసుక చెమ్మపట్టి గడ్డకడుతుంది, రంగు చేతికంటుతుంది. వేడుకకు ముందు కాగితం మీద చిటికెడు పోసి రెండు చుక్కల నీళ్లు వేస్తే రంగు దిగేదో కాదో తెలిసిపోతుంది. అయిపోగానే బిరడా పెట్టి మైనంతో మూసేయండి.

చేతులకు తాడు చుట్టే ఐరిష్, స్కాటిష్ పద్ధతి సెట్లు కూడా వస్తున్నాయి. అటువైపు కుటుంబం వాళ్లదైతే గౌరవంగా చేసుకోవలసిందే. అటువైపు ఎవరూ లేనప్పుడు మాత్రం కొనడమెందుకు? మనకు కొంగుముడి ఉంది. కండువా రెండు మీటర్లు ఉండాలి, ముడికే ఒకటిన్నర అడుగు పోతుంది, పొట్టిదైతే జంట వంగి నడవాలి. పట్టు మీద పట్టు జారుతుంది కాబట్టి, ముడిలో పసుపు కొమ్ము, వక్క, ఖర్జూరం, నాణెం పెట్టి కట్టండి. ఆ ఉబ్బే ముడిని పట్టి ఉంచుతుంది. పిన్నీసు గుచ్చితే జరీ పోగు తెగుతుంది. కట్టే ముందే పమిట పిన్ను ఒక అంగుళం వదులు చేసి పెట్టుకోండి, లేకపోతే మొదటి అడుగుకే భుజం దగ్గర చీర లాక్కుంటుంది.