జాగ్రత్త: బెంగళూరులో సెకండ్ హ్యాండ్ కారు కొనేముందు థర్మోస్టాట్ ఉందో లేదో చూసుకోండి

ఇంజిన్ హీటెక్కే బండిని బాగు చేయకుండా, ఆ జబ్బు కొనేవాళ్ల కంటపడకుండా చేసి అమ్మేస్తున్నారు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఒక యార్డులో కొన్న డీజిల్ హ్యాచ్‌బ్యాక్ సంగతే చూడండి. ఊళ్లో తిరిగినంతకాలం టెంపరేచర్ సూది మధ్యలోంచి కదల్లేదు. తిరుపతి నుంచి తిరిగొస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుంటే ఎర్ర లైటు వెలిగింది. విప్పి చూస్తే లోపల థర్మోస్టాట్ లేదు, ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా డైరెక్ట్ చేసి ఉంది, రేడియేటర్ నిండా లీకేజీ ఆపే పౌడరు మడ్డి, ఇంజిన్ పైభాగం, అంటే సిలిండర్ హెడ్, వంగిపోయి ఉంది. "డెలివరీ రోజు బాగానే ఉంది కదా సార్" అన్నారట యార్డువాళ్లు. బాగానే ఉంది మరి, ఆ ఒక్కరోజు కోసమే కదా ఇదంతా చేసింది.

థర్మోస్టాట్ పీకేస్తే ఏమవుతుందో తెలిస్తే మోసం అర్థమవుతుంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) సుమారు 82 నుంచి 88 డిగ్రీలకు చేరేదాకా ఆ వాల్వు మూసుకునే ఉంటుంది, ఆ తర్వాతే రేడియేటర్‌కి దారి ఇస్తుంది. అది లేకపోతే కూలెంట్ మొదటి నిమిషం నుంచీ రేడియేటర్‌లో తిరుగుతూ ఉంటుంది. దానికి తోడు ఫ్యాన్‌ని ఇగ్నిషన్‌కి కలిపేస్తే, సగం పూడుకుపోయిన రేడియేటర్, అరిగిన వాటర్ పంప్ ఉన్న బండి కూడా కోరమంగళలో అరగంట టెస్ట్ డ్రైవ్‌కి చల్లగానే తిరుగుతుంది. ఘాట్‌లో నలుగురు మనుషులు, సామాను, ఏసీ అన్నీ కలిసి ఇంజిన్ మీద పడినప్పుడు ఆ పూడిక బయటపడుతుంది. ఈలోగా ఇంజిన్ ఎప్పుడూ చల్లగా ఉందనుకుని ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) డీజిలో పెట్రోలో ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది. "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు సార్" అనే మెకానిక్ ఎదురైతే బండి అక్కడ వదలకండి.

సూదిని నమ్మకండి. చాలా కార్లలో ఇంజిన్ సుమారు 75 నుంచి 105 డిగ్రీల మధ్య ఎక్కడున్నా సూది నడిమధ్యే నిలబడేలా కంపెనీయే పెడుతుంది. చిన్న కార్లు చాలావాటిలో సూదే ఉండదు, నీలం లైటు, ఎర్ర లైటు తప్ప. కారు కంప్యూటర్‌లోని వివరాలు చదివే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ ఒకటి కొని ఫోన్‌కి కలుపుకోండి, కూలెంట్ టెంపరేచర్ అంకెల్లో కనిపిస్తుంది. పెట్రోల్ బండి పది నిమిషాలు నడిచేసరికి 80 దాటాలి, డీజిల్‌కి ఇంకాస్త పడుతుంది. రోడ్డు మీద వేగం అందుకోగానే అంకె 70కి, 60కి జారిపోతుంటే థర్మోస్టాట్ లేదు, లేదా తెరుచుకుని ఇరుక్కుపోయింది. స్కానర్‌లో పీ0128 అనే లోపం కోడ్ చెప్పేదీ అదే. కోడ్‌లేవీ కనబడకపోతే వెంటనే సంతోషపడకండి: కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో చాలా కార్లలో అదే స్కానర్ చూపిస్తుంది. అక్కడ 10, 15 కనిపిస్తే నిన్నో మొన్ననో తుడిచేశారన్నమాట.

బండి చూడటానికి పొద్దున్నే వెళ్లండి, మీరు వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందే చెప్పండి. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటే ఆ రోజుకి తిరిగొచ్చేయండి. చల్లగా ఉంటే రేడియేటర్ పైన ఉండే లావు హోస్ పైపు నొక్కండి. రాత్రంతా ఆగిన బండిలో అది మెత్తగా ఉండాలి. గట్టిగా బిగిసి ఉంటే సిలిండర్‌లోని గ్యాస్ కూలెంట్‌లోకి వస్తోందని అనుమానించాలి, అంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద ఉండే సీలు) పోయి ఉండొచ్చు. ఆ తర్వాతే రేడియేటర్ మూత తీయండి (వేడి మీద ఎప్పుడూ తీయకూడదు, ముఖం కాలుతుంది). మూత లోపలి వైపు, మెడ అంచున వేలితో తుడవండి. తుప్పు రంగు మడ్డి, మెరిసే పొడి తగిలితే లీకేజీ పౌడరు పోసినట్టే. రంగు లేని నీళ్లు మాత్రమే ఉంటే అదీ తీసిపారేసే విషయం కాదు. బెంగళూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. 1.1 బార్ ప్రెషర్ మూత, నీళ్లలో సగానికి సగం కూలెంట్ ఉంటే 120 దాటినా మరగదు. వైట్‌ఫీల్డ్, మారతహళ్లి వైపు ట్యాంకర్లలో వచ్చే బోరు నీళ్లు పోస్తే రేడియేటర్ సన్నటి గొట్టాల్లో ఉప్పు పొర పేరుకుంటుంది.

ఇప్పుడు ఏసీ ఆపి స్టార్ట్ చేయండి. ఇంజిన్ చల్లగా ఉండగానే ఫ్యాన్ తిరిగితే డైరెక్ట్ చేశారు, లేదా సెన్సర్ కనెక్టర్ పీకారు. పై పైపు కాసేపు చల్లగానే ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నుంచీ కొంచెం కొంచెంగా వెచ్చబడుతుంటే లోపల థర్మోస్టాట్ లేకపోవచ్చు, లేదా తెరుచుకుని ఇరుక్కుని ఉండొచ్చు. మోడల్‌ని బట్టి 95, 100 దగ్గర ఫ్యాన్ వేసుకుని, చల్లబడ్డాక ఆగాలి. ఇది రెండుసార్లు జరిగేదాకా ఆగండి, అమ్మేవాడు తొందరపెట్టినా సరే. తర్వాత ఏసీ వేసి కనీసం నలభై నిమిషాలు నడపండి, ఇంజిన్ ఆపకుండా పావుగంట నిలబెట్టండి.

ఇప్పటికే కొనేసి ఉంటే, హీట్ ఎప్పుడు ఎక్కుతోందో గమనించండి. సిల్క్ బోర్డు జామ్‌లో ఎక్కి, కదలగానే తగ్గుతుంటే ఫ్యాన్, రిలే, లేదా ఏసీ కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య మట్టి. వేగంలో, ఎక్కుడులో ఎక్కుతుంటే రేడియేటర్ పూడిక, పంప్, మూసుకుని ఇరుక్కున్న థర్మోస్టాట్. రెండుచోట్లా ఎక్కుతూ, కూలెంట్ బయట కారకుండానే తగ్గుతుంటే హెడ్. "హెడ్ పోయింది" అని గ్యారేజీవాళ్లు అనగానే ఒప్పుకోకండి. ముందు బ్లాక్ టెస్టర్ (కూలెంట్‌లోకి సిలిండర్ గ్యాస్ వస్తోందో లేదో చూపే పరికరం) పెట్టమనండి: దానిలోని నీలం ద్రవం పెట్రోల్ బండిలో పసుపుకి, డీజిల్ బండిలో ఆకుపచ్చకి మారితేనే విప్పాలి. విప్పితే హెడ్‌ని స్కేలు, ఫీలర్ గేజ్‌తో మీ ముందే కొలవాలి (చాలా ఇంజిన్లకి 0.05 మి.మీ. వంపు దాటకూడదు), పగుళ్లకి ప్రెషర్ టెస్ట్ చేయాలి. ఒకసారి సాగిన హెడ్ బోల్టులు మళ్లీ వాడే మోడల్ కాకపోతే కొత్తవి వేయాలి. జేసీ రోడ్డులో విడిభాగాలు కొనేటప్పుడు పాత థర్మోస్టాట్ మీద చెక్కిన డిగ్రీలు, పాత మూత మీది బార్ అంకె చూసి అవే తీసుకోండి.

బేరం కుదిరాక, "థర్మోస్టాట్ ఉంది, ఫ్యాన్ వైరింగ్ కంపెనీదే, హెడ్ విప్పలేదు" అని డెలివరీ నోట్‌లో రాయించండి. రాయనంటే బయానా ఇవ్వకండి. యార్డు మోసం చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు కేసు వేయవచ్చు. సొంత కారు అమ్ముకున్న మామూలు మనిషి మీద ఈ దారి సాధారణంగా పనిచేయదు.