రెడీమేడ్ ఎక్సెల్ బిల్లింగ్ షీట్ కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి

విశాఖ గాజువాకలో మాకు పైపులు, కుళాయిల షాపు ఉంది. రెండు నెలల క్రితం ద్వారకానగర్‌లో ఒకాయన దగ్గర రూ.4,500 పెట్టి ఎక్సెల్ బిల్లింగ్ షీట్ కొన్నాను. కోడ్ కొడితే చాలు, పేరూ రేటూ వాటంతటవే పడతాయన్నాడు. ఆయన లాప్‌టాప్‌లో చకచకా పడ్డాయి కూడా. మన ఊళ్లో చిన్న షాపులవాళ్లు చాలామంది ఇలాంటివి కొంటున్నారని తెలిసి రాస్తున్నాను.

మొదటి నెల ఏ ఇబ్బందీ లేదు. తర్వాత కొత్త రకం కుళాయిలు తెప్పించి, రేట్ల షీట్ చివర్లో చేర్చాను. ఒకరోజు మా దగ్గరికి రోజూ వచ్చే ప్లంబర్ బిల్లు చూసి, "బాబూ, ఈ కుళాయి మొన్న 640 అన్నారు కదా, ఇప్పుడు 185 ఏసీసారేటి?" అన్నాడు. గుండె ఆగినంత పనైంది. పాత బిల్లులన్నీ తిరగేశాను. ఆ కుళాయిలు 12 అదే రేటుకు వెళ్లిపోయాయి. ఆ ఒక్క ఐటమ్ మీదే రూ.5,460 పోయింది. ఆ ప్లంబర్ నోరు విప్పకపోతే ఇంకా పోతూనే ఉండేది.

రాత్రి మా మేనల్లుడు వచ్చి రేటు గడి మీద క్లిక్ చేసి ఫార్ములా చూపించాడు. కోడ్ చూసి పట్టికలోంచి రేటు తెచ్చే ఆ ఫార్ములా పేరు వీలుకప్ (VLOOKUP). అది వెతికే పట్టిక 200వ వరుస దగ్గర ఆగిపోయింది. నేను చేర్చినవన్నీ 201 నుంచి ఉన్నాయి. పైగా ఫార్ములా చివర ఫాల్స్ (FALSE) అని పెట్టలేదు. అది లేకపోతే వీలుకప్ సరిగ్గా అదే కోడ్ కోసం చూడదు, దానికంటే చిన్నవాటిలో పెద్ద కోడ్‌ను పట్టుకుంటుంది. అందుకే కొత్త కోడ్ ఏది కొట్టినా 200వ వరుసలోని బాల్ వాల్వ్ రేటు, 185, వచ్చి కూర్చుంది. ఎర్రర్ చూపించి ఉంటే ఆ క్షణమే ఆగేవాణ్ని. పేరు తెచ్చే ఫార్ములా మాత్రం సరిగ్గా ఉండటంతో బిల్లు మీద నాకు అనుమానమే రాలేదు.

స్టాక్ షీట్‌లో ఇంకో గొడవ. అందులో షీట్ అమ్మినాయన ఎక్స్‌లుకప్ (XLOOKUP) అనే కొత్త ఫార్ములా వాడాడు. అది ఎక్సెల్ 2021, 365లలో ఉంటుంది, మా కౌంటర్‌లో ఉన్న 2016లో లేదు. ఫైల్ తెరవగానే పాత అంకెలు కనిపిస్తాయి కాబట్టి బాగానే ఉందనుకుంటాం. లెక్క మళ్లీ జరిగిన గడిలో నేమ్ ఎర్రర్ (#NAME?) వస్తుంది.

ఆయనకు ఫోన్ చేస్తే, "ఐటమ్స్ ఎక్కువ వేసేశారు సార్, మార్చాలంటే 1,500 అవుతుంది" అన్నాడు. షీట్‌కి పాస్‌వర్డ్ ఉంది, మనం దిద్దుకోలేం. నా దృష్టిలో ఇది అన్యాయం. ఐటమ్స్ పెరగని షాపు ఉంటుందా?

కాబట్టి డెమో ఆయన లాప్‌టాప్‌లో చూసి సరిపెట్టుకోకండి, మీ కౌంటర్ సిస్టమ్ మీదే వేయించండి. పట్టికలో లేని కోడ్ ఒకటి కొట్టండి, ఎర్రర్ రావాలి, రేటు వస్తే కొనొద్దు. పాస్‌వర్డ్ చేతికిచ్చాకే డబ్బులివ్వండి. సప్లయర్ లిస్టు నుంచి కోడ్‌లు కాపీ చేసి అతికించి కూడా చూడండి, అంకె టెక్స్ట్‌గా పడితే ఫార్ములా దాన్ని గుర్తుపట్టదు. గడి మూలలో చిన్న ఆకుపచ్చ త్రికోణం కనిపిస్తే సాధారణంగా అదే కారణం.

ఇప్పటికే కొన్నవాళ్లు రేపు షట్టర్ ఎత్తగానే, మీరు ఆఖరున చేర్చిన ఐటమ్ కోడ్ కొట్టి, వచ్చిన రేటును రేట్ల షీట్‌తో పోల్చి చూడండి.