హన్మకొండలో అమ్మే కులు–మనాలి వేసవి ప్యాకేజీ: ఏది కొనాలి, ఏది వదలాలి

ఫిబ్రవరి వచ్చిందంటే హన్మకొండ చౌరస్తా నుంచి నక్కలగుట్ట దాకా ట్రావెల్స్ ఆఫీసుల ముందు మంచుకొండల ఫ్లెక్సీలు లేస్తాయి. అన్నింటి మీదా దాదాపు ఒకే మాట: ఢిల్లీ టు ఢిల్లీ, ఐదు రాత్రులు ఆరు రోజులు, వోల్వో బస్సు, డీలక్స్ హోటల్, టిఫిన్, రాత్రి భోజనం, సైట్ సీయింగ్. బోర్డు మీద పేరు మారినా లోపలి సరుకు పెద్దగా మారదు. ఇక్కడి చిన్న ఆఫీసులు చాలావరకు ఢిల్లీలోనో మనాలిలోనో ఉన్న పెద్ద ఆపరేటర్ దగ్గర తీసుకుని, తమ కమీషన్ కలుపుకుని మనకు అమ్ముతాయి. అందుకే ఈ రివ్యూ ఏ ఒక్క ఆఫీసు గురించీ కాదు, ఆ సరుకు గురించి.

ముందే చెప్పాలంటే, ప్యాకేజీలో మధ్య భాగం కొనొచ్చు. ఢిల్లీ నుంచి మనాలికి బస్సు, మూడు రాత్రుల హోటల్, అక్కడ తిరగడానికి బండి, ఈ మూడూ విడివిడిగా బుక్ చేసుకున్నా సీజన్‌లో పెద్దగా మిగిలేది ఉండదు, పైగా ఫోన్ల మీద ఫోన్లు. కానీ రైలు టికెట్లు వాళ్ళ చేతిలో పెట్టొద్దు. మనాలి పైనున్న మంచు కనుమ రోహ్‌తంగ్ పేరు చెప్పి అదనంగా అడిగితే ఇవ్వొద్దు.

అన్నింటికన్నా ముందు తేదీ. తెలంగాణ బడులకు ఏప్రిల్ 24 ప్రాంతంలో సెలవులు మొదలై జూన్ 12న మళ్ళీ తెరుచుకుంటాయి. ఢిల్లీ బడులకు సెలవులిచ్చేది మే 11 ప్రాంతంలో. అంటే మనకు రెండు వారాలకు పైగా ముందున్న అవకాశం ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి మే 10 దాకా మనాలిలో గదులు దొరుకుతాయి, రేటు మీద బేరం నడుస్తుంది, ఊళ్ళో ప్రధాన బజారైన మాల్ రోడ్డులో నడవడానికి చోటుంటుంది. మే 20 దాటితే ఢిల్లీ, పంజాబ్, హర్యానా కార్లన్నీ ఆ ఒక్క రోడ్డు మీదికే వస్తాయి. అప్పుడు మనాలి నుంచి సొలాంగ్ లోయకు 13 కిలోమీటర్ల దారికి గంటలు పడతాయి. ఫ్లెక్సీల మీద మాత్రం మే 25, జూన్ 1 తేదీలే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకంటే మనవాళ్ళు అడిగేవీ అవే. ఇంట్లో ఎప్‌సెట్, నీట్ రాసే పిల్లలుంటే మే మొదట్లో కదలలేరు, వాళ్ళకు గుంపు తప్పదు. మిగతావాళ్ళు తొందరపడటమే లాభం.

రైలు ఎందుకు సొంతంగా చేసుకోవాలంటే, రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుచుకుంటుంది. 2024 నవంబర్ 1 నుంచి ఇదే లెక్క. ఏప్రిల్ 27 నాటి తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కావాలంటే ఫిబ్రవరి 26 పొద్దున 8 గంటలకు ఐఆర్‌సీటీసీలో కూర్చోవాలి. ఆఫీసులు గ్రూపు నిండేదాకా ఆగి మార్చిలో బుక్ చేస్తాయి. అప్పటికి వెయిటింగ్ లిస్టు పడుతుంది, ఆ తర్వాత తత్కాల్ అంటారు, దానికి వేరే పైసలు అంటారు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ వరంగల్ స్టేషన్‌కు రాదు, కాజీపేటలో ఎక్కాలి. తమిళనాడు ఎక్స్‌ప్రెస్, జీటీ, ఏపీ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతాయి. మంచిర్యాల, రామగుండం వాళ్ళకు తెలంగాణ ఎక్స్‌ప్రెస్సే సుఖం. విమానం అనుకుంటే శంషాబాద్ నుంచి చండీగఢ్‌కు వెళ్ళి అక్కడి నుంచి రోడ్డు పట్టడం మేలు, ఢిల్లీ ఎండా తప్పుతుంది, దారీ దాదాపు సగానికి తగ్గుతుంది. ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్‌ఆర్ ఎక్కితే హైదరాబాద్ ఊళ్ళోకి పోకుండానే ఎయిర్‌పోర్టు చేరొచ్చు.

ఇక ఆ ఐదు రాత్రుల లెక్క. అందులో రెండు రాత్రులు బస్సులోనే గడుస్తాయి. హోటల్‌లో పడుకునేది మూడే. ఇది మోసమని అనలేం, కాగితం మీద రాసే ఉంటుంది, కానీ మూడు రాత్రుల గది అద్దెకు ఐదు రాత్రుల ధర పోల్చి చూసుకుంటే తప్పుడు లెక్క వస్తుంది. ఇంకో చిక్కు ఉంది. ఢిల్లీలో సాయంత్రం ఎక్కిన బస్సు సుమారు 530 కిలోమీటర్లు నడిచి, 12 నుంచి 14 గంటల తర్వాత పొద్దున 8, 9 ప్రాంతంలో దించుతుంది. హోటల్ చెకిన్ మధ్యాహ్నం 12కో ఒంటిగంటకో. ఆ నాలుగు గంటలు చంటిపిల్లలతో, ముసలివాళ్ళతో లాబీలో కూర్చోవాలి. చివరి రోజు 10, 11కే గది ఖాళీ చేయమంటారు, బస్సు సాయంత్రం 4 దాటాక. మళ్ళీ సగం రోజు లగేజీ మీద కాపలా. బుక్ చేసేటప్పుడే ‘ఎర్లీ చెకిన్’ కాగితం మీద రాయించుకోవాలి. మే మొదట్లో హోటల్ ఖాళీగా ఉంటుంది కాబట్టి ఒప్పుకుంటారు, జూన్‌లో ఒప్పుకోరు. కనీసం ముఖం కడుక్కోవడానికి ఒక గదైనా అడగండి.

బస్సు విషయానికొస్తే, హిమాచల్ ఆర్టీసీ వోల్వోలు కశ్మీరీ గేట్ బస్టాండ్ నుంచే బయల్దేరతాయి, ప్యాకేజీ వాళ్ళవి చాలావరకు ప్రైవేటువి. ఎక్కే చోటు మజ్నూ కా టీలా దగ్గరో, కశ్మీరీ గేట్ దగ్గరో ఉంటుంది, ఆఖరి రోజు మారుస్తారు. బస్సు నంబరు, డ్రైవర్ నంబరు, ఎక్కే చోటు బయల్దేరే రోజు పొద్దున్నే మెసేజ్ పెట్టమనండి. న్యూఢిల్లీ స్టేషన్ నుంచి కశ్మీరీ గేట్ ఎల్లో లైన్ మెట్రోలో మూడో స్టేషన్, ఆటోలతో గొడవ అక్కర్లేదు. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున దించుతుంది, బస్సు సాయంత్రం, కాబట్టి మధ్యలో పగలంతా ఢిల్లీ ఎండ. స్టేషన్ క్లోక్‌రూమ్‌లో బ్యాగులు పెట్టాలంటే తాళం వేసి ఉండాలి, తాళం లేని బ్యాగు తీసుకోరు.

కీరత్‌పూర్ దాటాక కొండదారి మొదలవుతుంది. నాలుగు వరుసల రోడ్డు వచ్చాక బిలాస్‌పూర్ వైపు మునుపటంత మెలికలు లేవు, అసలు కడుపులో తిప్పేది మండీ దాటాకే. వాంతులయ్యేవాళ్ళకు వెనక సీట్లు ఇవ్వొద్దని ముందే చెప్పండి, చక్రాల వెనక ఊపు ఎక్కువ. రాత్రి దాబా దగ్గర ఆపినప్పుడు వెన్న వేసిన పరాఠాలు రెండు లాగించి పడుకుంటే తెల్లవారుజామున ఆ ఘాట్‌లో తెలుస్తుంది. మాత్ర వేసుకునేవాళ్ళు బస్సు ఎక్కాక కాదు, అరగంట ముందే వేసుకోవాలి.

హోటల్ దగ్గరే ప్యాకేజీలు ఎక్కువగా తేలిపోతాయి. కొటేషన్‌లో హోటల్ పేరు పక్కన ‘ఆర్ సిమిలర్’ (లేదా అలాంటిదే) అని ఉంటుంది. ఆ రెండు మాటలతో ఎక్కడికైనా మార్చేయొచ్చు. అడ్వాన్స్ కట్టాక హోటల్‌కు మీరే ఫోన్ చేసి మీ పేరు మీద బుకింగ్ ఉందో లేదో కనుక్కోండి. ఆఫీసు వాళ్ళు మొహం మాడ్చుకుంటారు, మాడ్చుకోనివ్వండి. ‘మాల్ రోడ్డుకు దగ్గర’ అని రాసినవి చాలా రాంగ్రీలో, అలియోలో, ప్రీణీలో ఉంటాయి. అవి చెడ్డ చోట్లేమీ కాదు, బియాస్ నది చప్పుడు వింటూ ప్రశాంతంగా ఉండొచ్చు, కానీ రాత్రిపూట నడిచి బజారుకు వెళ్ళలేరు. లాగ్ హట్స్ వైపు హోటళ్ళకు ఎక్కుడు ఎక్కువ, మోకాళ్ళ నొప్పులున్న అమ్మమ్మలకు పనికిరాదు. ధర ఇద్దరికి ఒక గది లెక్కన చెప్తారు, మూడో మనిషికి నేల మీద పరుపే. పిల్లలకు ఏ వయసు దాకా ఉచితం, ఏ వయసు నుంచి పరుపు డబ్బులు అన్నది హోటల్‌కొక తీరు. ఏప్రిల్‌లో రాత్రి హీటర్ కావాలంటే కొన్నిచోట్ల దానికీ వేరే.

తిండి మీద మనవాళ్ళ ఫిర్యాదులు ఎక్కువ, సగం న్యాయమైనవి. ‘ఎంఏపీ’ అంటే టిఫిన్, రాత్రి భోజనం. ‘సీపీ’ అంటే టిఫిన్ ఒక్కటే. మధ్యాహ్నం ఎలాగూ బయటే. రాత్రి బఫేలో రాజ్మా, దాల్, ఒక పనీర్ కూర, రోటీ, బాస్మతి అన్నం. అన్నం పలుకుగా ఉందంటే వంటవాడిని తిట్టి లాభం లేదు. మనాలి 2,050 మీటర్ల ఎత్తున ఉంది, నీళ్ళు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, మూత పెట్టిన గిన్నెలో అన్నం ఉడకడానికి ఎక్కువ సేపు కావాలి. కుక్కర్‌లో పెట్టమంటే మెత్తగా వస్తుంది, పది మంది గ్రూపు ఉంటే చేస్తారు. మామిడికాయ పచ్చడి, కారప్పొడి సీసా తీసుకెళ్ళడం ఎవరికీ చెప్పక్కర్లేదు కదా. కానీ ఒక పూట అక్కడి వంటకం సిడ్డూ తినండి, ఆవిరి మీద ఉడికించి నెయ్యి పోసి ఇస్తారు, ప్యాకేజీ బఫేలో అది రాదు.

రోహ్‌తంగ్ దగ్గర జాగ్రత్త. ఆ కనుమ 3,978 మీటర్ల ఎత్తున ఉంది. టూరిస్టు బండ్లను మామూలుగా మే నెల సగం దాటాకే వదులుతారు, మంచు ఎక్కువ పడిన ఏడు ఇంకా ఆలస్యం. అంటే ఏప్రిల్ చివర్లో వెళ్ళేవాళ్ళకు రోహ్‌తంగ్ అమ్మడమంటే లేనిది అమ్మడమే. తెరిచాక కూడా హరిత ట్రిబ్యునల్ ఆదేశం ప్రకారం రోజుకు 1,200 బండ్లకే పర్మిట్, అందులో పెట్రోల్‌వి 800, డీజిల్‌వి 400. రుసుము 500, రద్దీ పన్ను 50, మొత్తం 550 రూపాయలు బండికి, మనిషికి కాదు. మంగళవారం రోడ్డు మరమ్మతు కోసం మూసేస్తారు, మీ తిరిగే రోజు మంగళవారం పడుతుందేమో క్యాలెండర్ చూసుకోండి. సీజన్‌లో పర్మిట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి, తర్వాత డ్రైవర్లు చెప్పే ధరకు ఆ 550తో సంబంధం ఉండదు. కొటేషన్‌లో ‘స్నో పాయింట్’ అని ఉంటే అది ఫలానా చోటని కాదు, ఆ వారం రోడ్డు పక్కన మంచు ఎక్కడుంటే అక్కడ.

దీనికి బదులు అటల్ టన్నెల్ దాటి లాహౌల్ లోయలోని సిస్సూ ఊరికి వెళ్ళండి. 2020 అక్టోబర్ 3న ప్రారంభమైన ఈ సొరంగం పొడవు 9.02 కిలోమీటర్లు, ప్రత్యేక పర్మిట్ అక్కర్లేదు. మనాలి నుంచి సిస్సూ సుమారు 40 కిలోమీటర్లు. ఏప్రిల్ చివర్లో సిస్సూ, కోక్సర్ వైపు సాధారణంగా మంచు మిగిలే ఉంటుంది. సొరంగంలో బండి ఆపి ఫొటోలు దిగితే చలాన్ వేస్తారు. పొద్దున 7 లోపు బయల్దేరాలి. 9 దాటితే వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ జామ్‌లోనే. డ్రైవర్ 9.30 అంటాడు, టిఫిన్ కట్టించుకుని ముందే లేపండి. సిస్సూ కూడా 3,000 మీటర్లు దాటిన ఎత్తు. తల బరువెక్కితే, వికారంగా ఉంటే కిందికి దిగడమే మందు. గుండె జబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్ళు ముందే డాక్టర్‌ను అడిగి పోవాలి. చేరిన రోజునే పైకి తీసుకెళ్ళే ప్లాన్ వద్దు, మొదటి రోజు హడింబా గుడి, వశిష్ఠ్ వేడినీళ్ళు, ఓల్డ్ మనాలి చాలు. 1553లో కట్టిన ఆ కట్టె గుడి దేవదారు చెట్ల మధ్య ఉంటుంది, పొద్దున్నే వెళ్తే క్యూ చిన్నది.

సొలాంగ్ దారిలో మంచు బట్టలు అద్దెకిచ్చే దుకాణాలకు నంబర్లుంటాయి. డ్రైవర్ ఆపే దుకాణంలో అతని వాటా కలిసే ఉంటుంది. ముందు రోజు సాయంత్రమే మాల్ రోడ్డు పక్కన రేటు కనుక్కుంటే బేరానికి ఆధారం దొరుకుతుంది. బూట్లు తప్పనిసరి, కోటు మీ దగ్గర గాలి ఆపేది ఉంటే అక్కర్లేదు.

కులు, మణికరణ్ ఒకే రోజు చూపిస్తామంటే పగలంతా సీట్లోనే. మణికరణ్ ఒక్కటే సుమారు 80 కిలోమీటర్లు, భుంతర్ దగ్గర రద్దీ. దాని బదులు నగ్గర్ కోట చూసి తాపీగా రావడం నయం. రాఫ్టింగ్ పిర్డీ నుంచి ఝీరీ దాకా, సుమారు 14 కిలోమీటర్లు. లైఫ్ జాకెట్ పట్టీలు మీరే లాగి చూసుకోండి.

డ్రైవర్ నది ఒడ్డున ఫొటోకు ఆపితే రాళ్ళ మీదికి దిగొద్దు. 2014 జూన్ 8న మండీ జిల్లాలో లార్జీ డ్యామ్ కింద నీళ్ళు వదిలితే హైదరాబాద్ ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది కొట్టుకుపోయారు. డ్యామ్ లేని చోట కూడా మధ్యాహ్నానికి మంచు కరిగి బియాస్ నీటిమట్టం పెరుగుతుంది. ఏ ప్యాకేజీలోనూ ఈ హెచ్చరిక రాసి ఉండదు.

పైసల సంగతికొస్తే, మొత్తం ముందే కట్టొద్దు. మూడో వంతు లోపు అడ్వాన్స్, హోటల్ ఖాయమయ్యాక సగం, మిగతాది మనాలి చేరాక అని మాట్లాడుకోండి. 5 శాతం జీఎస్టీ చెప్పిన ధరలోనే ఉందా, పైన కలుపుతారా అడగండి. నలుగురు పెద్దవాళ్ళకు వాగన్‌ఆర్ ఇస్తే లగేజీ ఒళ్ళో పెట్టుకోవాలి, బండి పేరు కూడా కాగితం మీదికి ఎక్కాల్సిందే.

తిరుగు రైలు విషయంలో బస్సు ఢిల్లీ చేరాల్సిన టైమును నమ్మొద్దు. కొండచరియ పడితే, ట్రాఫిక్ ఉంటే అది మధ్యాహ్నం దాటుతుంది. ఆ రోజు సాయంత్రం తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కన్నా, రాత్రి బయల్దేరే తమిళనాడు ఎక్స్‌ప్రెస్ వరంగల్ వాళ్ళకు మేలు.