వాడుకలో లేని దారిని మూసివేయించడం: పురపాలక సేవపై సమీక్ష

మా ఇళ్ల వెనక, లేఅవుట్ పటంలో ప్రజల దారిగా గుర్తించి ఉన్నా ఏనాడూ రోడ్డు పడని సందును అధికారికంగా మూసివేయాలని ఇరుగుపొరుగువారం కలిసి పురపాలక కార్యాలయానికి దరఖాస్తు చేసుకున్నాము. సందు ఇప్పుడు మూతపడింది, అయితే మేము అడిగినంత మేరకు కాదు. ఇదే ఆలోచనలో ఉన్నవారికి ఉపయోగపడాలని ఈ సేవ గురించి రాస్తున్నాను.

అన్నిటికంటే శ్రద్ధగా జరిగింది భూమి అడుగున ఉన్నవాటి పరిశీలన. పైన పిచ్చిమొక్కలు తప్ప ఏమీ కనిపించని ఆ నేల కింద మురుగునీటి పైపు వెళుతోందని సర్వే సిబ్బంది పాత పటాలతో పోల్చి తేల్చారు. నీరు, విద్యుత్తు, టెలిఫోన్ విభాగాలన్నిటి అభిప్రాయమూ తీసుకున్న తరువాతే ఫైలు ముందుకు కదిలింది. ప్రజల రాకపోకల హక్కు రద్దయినా పైపు మరమ్మతుకు సిబ్బంది లోపలికి వచ్చే హక్కు మిగిలే ఉంటుందనీ, దానిపై శాశ్వత కట్టడం కట్టరాదనీ ఉత్తర్వులో స్పష్టంగా రాశారు. కలిసివచ్చే స్థలంలో గది వేసుకోవచ్చని ఆశించేవారు ఈ షరతును ముందే తెలుసుకోవడం మంచిది.

భూమి ఎవరికి చెందుతుందన్న ప్రశ్నకు మాత్రం దరఖాస్తు పత్రంలో ఎక్కడా జవాబు లేదు. అమెరికాలోని చాలా రాష్ట్రాలలో నగరానికి రాకపోకల హక్కు మాత్రమే ఉన్న సందర్భంలో, దారి రద్దయ్యాక సాధారణంగా మధ్యరేఖ వరకు ఇటు సగం, అటు సగం పక్క స్థలాల వారికి చేరుతుంది. భూమే నగరానిదైతే కొనుక్కోవలసి రావచ్చు. మా సందు ఏ కోవకు చెందుతుందో కౌంటరులోని ఉద్యోగి పత్రాలు తిరగేసి ఓపికగా వివరించారు కాబట్టి సరిపోయింది. ఆ వివరణ అందరికీ అందేలా పత్రంలోనే ఉండాలి.

నాకు నిజంగా బాధ కలిగించింది ‘వాడుకలో లేదు’ అని నిర్ధారించిన పద్ధతి. తనిఖీకి మిట్టమధ్యాహ్నం వచ్చి, ఎవరూ కనిపించలేదని రాసుకొని వెళ్లారు. నోటీసును సందుకు ఒక చివరనే అంటించారు. లేఖలు ఇంటి యజమానులకే పంపారు, అద్దెకున్నవారికి అందలేదు. ఇంగ్లండులో 1980 నాటి రహదారుల చట్టం ప్రకారం ఒక దారిని రద్దు చేయమని మేజిస్ట్రేటు కోర్టును కోరాలంటే, పక్క స్థలాల యజమానులతో పాటు అక్కడ నివసించేవారికీ కనీసం 28 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, దారి రెండు చివర్లా అంటించాలి, స్థానిక పత్రికలోనూ ప్రకటించాలి. ఆ దారి అనవసరమని కోర్టుకు నమ్మకం కలగాలి. మా విషయంలో, రోజూ తెల్లవారుజామున ఆ సందులోంచే పనికి నడిచి వెళ్లే ఒకామె ఎవరి ద్వారానో విని విచారణకు రాకపోయి ఉంటే, ఆమె మాట ఫైలులోకి ఎక్కేదే కాదు. ఆమె చెప్పింది విన్న తరువాత సందు పొడవునా ఒక పక్కగా మనిషి నడిచేంత వెడల్పు వదిలి, మిగిలినదే మూశారు. దరఖాస్తుదారులలో కొందరికి ఇది నచ్చలేదు గానీ, నా దృష్టిలో ఈ ప్రక్రియ మొత్తంలో జరిగిన అత్యంత న్యాయమైన పని అదే.

మరొక మార్గం ఉందని కార్యాలయం తనంతట తానుగా చెప్పకపోవడం కూడా లోపమే. చెత్త పారబోయడం, రాత్రిపూట అల్లరి వంటివి మాత్రమే సమస్య అయినప్పుడు, హక్కును రద్దు చేయకుండా కొన్ని వేళలలో గేటు వేసి ఉంచవచ్చు. ఇంగ్లండులో సంఘ వ్యతిరేక ప్రవర్తనను అరికట్టేందుకు చేసిన 2014 చట్టం కింద స్థానిక సంస్థలు పరిమిత కాలానికి ఇలాంటి ఆంక్షలు పెట్టగలవు, అవసరం తీరాక ఎత్తివేయగలవు. దారి ఒకసారి ఇళ్ల పత్రాలలో కలిసిపోయాక తిరిగి కావాలంటే ఆ భూమిని నగరం మళ్లీ సేకరించుకోవలసిందే.

ఐదు మార్కులకు మూడు ఇస్తున్నాను, అందులో రెండు సర్వే సిబ్బందికే చెందుతాయి. దరఖాస్తు పెట్టేవారు భూగర్భ పటం నకలును, భూమి యాజమాన్య పత్రాన్ని ముందుగానే అడిగి తీసుకోవాలి, నోటీసును రెండు చివర్లా అంటించమని రాతపూర్వకంగా కోరాలి.