సూదికి ఐదు స్టార్లు, డెంగీ ప్యాకేజీకి రెండే

ఇంటికొచ్చి బ్లడ్ తీసుకెళ్లే ల్యాబ్ ఒకటి, ఉప్పల్ వైపు, పేరు రాయను. వానాకాలం కదా, మా తమ్ముడికి జ్వరం, కళ్ల వెనక ఒకటే నొప్పి, నడుము విరిగిపోతోందని గోల. ఫోన్ చేస్తే కస్టమర్ కేర్ అమ్మాయి "డెంగీ ప్యాకేజీ ఉంది సార్, 1,499, ప్లేట్‌లెట్స్ కూడా అందులోనే" అంది. జ్వరం ఎన్నో రోజు అని మాత్రం అడగలేదు. నా కంప్లయింట్ అంతా ఆ అడగని ప్రశ్న గురించే.

బ్లడ్ తీయడానికి వచ్చిన అబ్బాయికి వంక పెట్టలేం. చెప్పిన టైముకే వచ్చాడు, సూది మా ముందే సీలు తీశాడు, ఒక్క పోటుకే నరం దొరికింది. ఊదా రంగు మూత ట్యూబు నిండగానే మెల్లగా తలకిందులు చేస్తూ తిప్పుతూనే ఉన్నాడు. ఎందుకు బాబూ అని మా అమ్మ అడిగితే "రక్తం గడ్డ కడితే మెషీన్ ప్లేట్‌లెట్స్ తక్కువ చూపిస్తుందమ్మా, మీకు లేనిపోని టెన్షన్" అన్నాడు. పని తెలిసినవాడు.

రిపోర్టు రాత్రికే వాట్సాప్‌లో వచ్చింది. ఐజీఎం నెగెటివ్, ఐజీజీ పాజిటివ్, ప్లేట్‌లెట్స్ 1.6 లక్షలు. నెగెటివ్ అన్న మాట చూసి ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు, మా పెద్దమ్మ మాత్రం ఎందుకైనా మంచిదని బొప్పాయి ఆకులు కోయించి పెట్టింది.

అసలు సంగతేంటంటే ఈ ఐజీఎం, ఐజీజీ టెస్టులు వెతికేది వైరస్‌ని కాదు, వైరస్ మీద మన ఒళ్లు తయారు చేసుకునే రెండు రకాల యాంటీబాడీలని. దోమ కుట్టినచోట చర్మంలో ఉండే రక్షణ కణాల్లోకే డెంగీ వైరస్ ముందు దూరుతుంది, లోపల దాని జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏని పసిగట్టగానే ఆ కణం హెచ్చరిక సంకేతంగా ఇంటర్‌ఫెరాన్ వదులుతుంది, దాంతో చుట్టుపక్కల కణాలు తలుపులు బిగించుకుంటాయి. జ్వరం, ఒళ్లునొప్పులు చాలావరకు ఈ హడావుడి వల్లే. ఇదంతా వెంటనే మొదలైపోతుంది. కానీ ఈ వైరస్‌కే సరిపోయే, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు పెరిగి, ఐజీఎం టెస్టుకు దొరికేంత తయారవ్వాలంటే జ్వరం మొదలయ్యాక నాలుగైదు రోజులు పడుతుంది. మావాడిది రెండో రోజు! ఆ రోజు నెగెటివ్ అంటే డెంగీ లేదని కాదు, ఇంకా ఏమీ తేలలేదని. అప్పుడు చూడాల్సింది ఎన్‌ఎస్1, అది వైరస్ సొంత ప్రోటీన్, మొదటి రోజుల్లోనే రక్తంలో దొరుకుతుంది. ప్యాకేజీలో లేనిది సరిగ్గా అదే, విడిగా 600 అట.

మరి ఐజీజీ? మొదటిసారి డెంగీ అయితే అది వారం దాటాక గానీ రాదు. రెండో రోజే ఉందంటే ఇంతకుముందు ఎప్పుడో తెలియకుండా డెంగీ వచ్చిపోయి ఉండొచ్చు. డెంగీ వైరస్‌లో నాలుగు రకాలున్నాయి, ఒక రకం మీద తయారైన పాత యాంటీబాడీలు ఇంకో రకాన్ని అంటుకుంటాయి గానీ అణచలేవు, ఒక్కోసారి దాన్ని కణాల్లోకి చేర్చి వైరస్‌కే సాయం చేస్తాయి. రెండోసారి వచ్చే డెంగీతో ప్రమాదం ఎక్కువ అనేది అందుకే. అంత ముఖ్యమైన విషయానికి రిపోర్టు కింద "లక్షణాలతో సరిపోల్చుకోగలరు" అని ఒక్క లైను. ఎవరు సరిపోల్చుకోవాలి, మా పెద్దమ్మా?

మా వీధి డాక్టరుగారు రిపోర్టు చేతిలోకి తీసుకోకముందే "జ్వరం ఎప్పుడు మొదలైంది?" అని అడిగారు. ఎన్‌ఎస్1 రాశారు, పాజిటివ్ వచ్చింది. పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు వద్దన్నారు, జ్వరం దిగాక కడుపునొప్పి గానీ వాంతులు గానీ ఉంటే అర్ధరాత్రైనా ఆసుపత్రికి తీసుకెళ్లమన్నారు. మావాడికి అంతదూరం రాలేదు.

ఈ ల్యాబ్‌కే ఫోన్ చేసేవాళ్లు జ్వరం ఐదు రోజుల లోపైతే ప్యాకేజీ వద్దని ఎన్‌ఎస్1, సీబీపీ (ప్లేట్‌లెట్స్ లెక్క కూడా ఉండే రక్తపరీక్ష) విడిగా అడగండి, వీలైతే ఎన్‌ఎస్1 అప్పటికప్పుడు చూసే కార్డు మీద కాకుండా ల్యాబ్‌లో చేసే ఎలైజా పద్ధతిలో చేయమనండి. ఒకటి మాత్రం మెచ్చుకోవాలి, ఎన్‌ఎస్1 కోసం మళ్లీ గుచ్చకుండా దాచిన శాంపిల్‌తోనే చేశారు. బిల్లులో మాత్రం హోమ్ విజిట్ చార్జీ రెండోసారీ వేశారు, ఎవరొచ్చారని అడిగితే తీసేశారు.