ప్యాంగ్యాంగ్‌లో ‘ప్యూబ్లో’ ఓడ: చూడదగ్గదే, వినదగ్గది కాదు

ముందు మార్కులు చెప్పేస్తాను, తరవాత తీరిగ్గా వివరాలు. ఉత్తర కొరియా రాజధానిలో పోతాంగ్ నదిలో కట్టేసి ఉంచిన అమెరికన్ గూఢచారి నౌక ‘ప్యూబ్లో’కు అయిదుకి నాలుగు. దాన్ని చూపించే పద్ధతికి ఒకటిన్నర. బీజింగ్ నుంచి మమ్మల్ని తీసుకెళ్లిన యాత్రా సంస్థకు రెండు, అదీ శాకాహారినైన నన్ను పస్తు పడుకోబెట్టనందుకు.

నేను మర్చంట్ నేవీలో రేడియో ఆఫీసర్‌గా చేసి రిటైరయిన కాకినాడ మనిషిని. 1999లో ఉపగ్రహాల మీద నడిచే కొత్త ప్రమాద సంకేత వ్యవస్థ పూర్తిగా అమల్లోకి రావడంతో ఓడల్లో మోర్స్ కొట్టేవాడి కుర్చీ ఖాళీ అయిపోయింది. కాబట్టి నాకు ఈ ఓడ మీద ఉన్న మోజు తుపాకుల గురించి కాదు, వైర్‌లెస్ గది గురించి. 2019లో, కొవిడ్ భయంతో ఆ దేశం తలుపులు బిగించుకోవడానికి ముందు, చూసి వచ్చాను. మా సంఘంలో మిత్రులు ఇప్పటికీ అడుగుతుంటారు కనక రాస్తున్నాను.

కథ తెలియనివాళ్ల కోసం కొంచెం వెనక్కి వెళ్లాలి. ప్యూబ్లో యుద్ధనౌకగా పుట్టలేదు. 1944లో అమెరికా సైన్యం కోసం కట్టిన చిన్న సరుకుల ఓడ, పొడవు 54 మీటర్లు. తరవాత నౌకాదళం దాన్ని తీసుకుని, సముద్ర పరిశోధన అనే ముసుగు వేసి, లోపల రేడియో రిసీవర్లు నింపింది. ముసుగు నమ్మించడానికి ఇద్దరు పౌర శాస్త్రవేత్తలను కూడా ఎక్కించారు. మొత్తం 83 మంది. ఆత్మరక్షణకు రెండు మెషీన్‌గన్లు. వాటి మీద కప్పిన టార్పాలిన్లు జనవరి చలికి గడ్డకట్టి ఉన్నాయి. 1968 జనవరి 23న ఉత్తర కొరియా తూర్పు తీరంలోని వోన్సాన్ రేవుకు ఎదురుగా, తీరానికి పదిహేను మైళ్లకు పైనే ఉన్నామని అమెరికా చెప్పే చోట, ఉత్తర కొరియా గస్తీ నౌక, టార్పెడో పడవలు చుట్టుముట్టాయి. పైన మిగ్ విమానాలు. తమ జలాల్లోకి చొరబడ్డారన్నది కొరియన్ల వాదన. కాల్పుల్లో డ్వేన్ హాడ్జెస్ అనే నావికుడు చనిపోయాడు. మిగిలిన 82 మందిని పట్టుకుని పదకొండు నెలలు ఉంచుకున్నారు. ఓడను ఇప్పటికీ ఇవ్వలేదు. అమెరికా నౌకాదళం మాత్రం నేటికీ దాన్ని తమ నౌకల జాబితాలోంచి కొట్టేయలేదు.

చాలా ఏళ్లు ఓడ వోన్సాన్‌లోనే ఉంది. 1999లో ద్వీపకల్పం చుట్టూ తిప్పి ప్యాంగ్యాంగ్ తెచ్చి, తేదోంగ్ నదిలో, 1866లో జనరల్ షెర్మన్ అనే అమెరికన్ ఓడను తగలబెట్టిన చోటు అని వాళ్లు చెప్పుకునే దగ్గర నిలబెట్టారు. ప్రచారంలో వాళ్లకు చోటు ఎంచుకోవడం తెలుసు, ఒప్పుకోవాలి. తరవాత కొరియా యుద్ధ ప్రదర్శనశాలను బాగుచేసినప్పుడు దాని పక్కనున్న పోతాంగ్ నదిలోకి జరిపారు. 2013 నుంచి అక్కడే ఉంది.

ఇక సందర్శన సంగతి. ముందు ప్రదర్శనశాల ఆవరణలో పట్టుబడ్డ అమెరికన్ ట్యాంకులు, కూలిన విమానాల ముక్కలు చూపిస్తారు. అక్కడ ఎండలో నిలబెట్టి చెప్పిందే చెబుతారు. వయసు మీదపడిన వాళ్లు నీళ్ల సీసా, టోపీ వదలకండి. తరవాత ఓడ. సైనిక దుస్తుల్లో ఉన్న యువతి మా గైడు. చక్కటి ఇంగ్లీషు, చెదరని చిరునవ్వు. పేర్లూ తేదీలూ కాగితం చూడకుండా చెప్పింది. పక్కదారి ప్రశ్న అడిగితే మాత్రం మళ్లీ అదే పేరా మొదటి నుంచి అందుకుంటుంది. ఆమెను తప్పుపట్టను. ఆ ఉద్యోగంలో సొంత వాక్యం ఖరీదైన వస్తువు.

ఓడ ఎక్కగానే భోజనాల గదిలాంటి చోట కూర్చోబెట్టి, టీవీలో సినిమా వేస్తారు. పాత వార్తాచిత్రాల గొంతుతో సాగుతుంది. ఓడ ఎలా పట్టుబడిందీ, అమెరికా ఎలా తల వంచిందీ. ఓడలో ఉండటానికి ఇచ్చేదే కొద్ది సమయం, అందులో మంచి భాగం ఈ సినిమా తినేస్తుంది. సినిమా బస్సులో వేసుకోవచ్చు, ఓడను బస్సులో వేయలేరు కదా!

డెక్కు మీద తూటాలు తగిలిన చిల్లుల చుట్టూ ఎర్ర రంగుతో గుండ్రాలు గీశారు. వాటిని చూడటం తేలిక, ఫొటోలు దిగడం ఇంకా తేలిక. మా బృందంలో అందరూ మెషీన్‌గన్ వెనక నిలబడి ఫొటో దిగారు. తిప్పికాల్చడానికి పనికిరాకుండా పోయిన తుపాకీ అదేనని చెబితే ఒకాయన మొహం చిన్నబోయింది. చెప్పకుండా ఉండాల్సింది, ఆయన సెలవు పాడుచేశాను.

వైర్‌లెస్ గది దగ్గరే నా డబ్బులు గిట్టాయి. ఇరుకు దారి, ఇనుప గుమ్మం, లోపల నేల నుంచి కప్పు దాకా పరికరాల బీరువాలు. ఆర్-390 రిసీవర్లను చూడగానే గుర్తుపట్టాను. ఫ్రీక్వెన్సీ చూపించడానికి సూది కాక, పాత టాక్సీ మీటరులోలాగా అంకెల చక్రాలు తిరుగుతాయి వాటిలో. ఆ రోజుల్లో మేం కలలుగన్న యంత్రాలవి. మా ఓడల్లో ఉన్నవి వాటి ముందు బొమ్మలు. నాబ్ మీద చెయ్యి వేయబోతే గైడు నవ్వుతూనే గాజుపలక వైపు చూపించింది. కొన్నింటికి మూతలు తీసి, లోపలి తీగలు, సర్క్యూట్ పలకలు కనిపించేలా పెట్టారు. గూఢలిపి యంత్రాలున్న చోట ఎక్కువసేపు నిలబడదామనుకున్నాను. బృందం ముందుకు కదిలిపోయింది.

నిలబడవలసిన చోటు అదే. ఆ మధ్యాహ్నం ఆ గదిలో జరిగింది రేడియో మనిషికి కళ్లకు కడుతుంది. ఒకడు టెలిప్రింటర్ మీద జపాన్‌లోని కామిసేయాలో ఉన్న అమెరికా నౌకాదళ కేంద్రానికి సాయం కావాలని కొడుతూనే ఉన్నాడు. మిగిలినవాళ్లు గొడ్డళ్లు, సుత్తులతో పరికరాలు పగలగొడుతున్నారు. కాగితాలు కాల్చడానికి ఉన్న పొయ్యి చిన్నది, కాగితాలు బస్తాలకొద్దీ. సంచుల్లో కట్టి సముద్రంలో పారేద్దామంటే అక్కడ లోతు చాలదు. హాడ్జెస్ చనిపోయింది ఆ రహస్య కాగితాలు నాశనం చేసే పనిలోనే. ఓడను తనంతట తానే ధ్వంసం చేసుకునే ఏర్పాటు కావాలని కెప్టెన్ లాయిడ్ బుచర్ బయల్దేరకముందే అడిగాడు, ఇవ్వలేదు. సాయానికి ఒక్క విమానమూ రాలేదు. ఉక్కుతో గట్టిగా కట్టిన పెట్టెలను సుత్తితో పగలగొట్టడం ఎంత కష్టమో అలాంటి రిసీవరును ఒక్కసారైనా విప్పి బాగుచేసినవాడికి తెలుస్తుంది. మూత ఊడదీయడానికే చెమటలు పడతాయి.

యంత్రం చిక్కినంత మాత్రాన గూఢలిపి చిక్కదు, రోజూ మారే తాళం, అంటే ఆ రోజుకు యంత్రాన్ని ఎలా అమర్చాలో చెప్పే జాబితా, కూడా ఉండాలి. ఆ రోజుల్లోనే అమెరికా నౌకాదళంలో జాన్ వాకర్ అనే అధికారి ఆ తాళాలను సోవియట్లకు అమ్ముతున్నాడు. అతను పట్టుబడింది 1985లో. యంత్రం ఒక దారిన, తాళం ఒక దారిన పోయాయన్నమాట. ఈ గదిలో చెప్పాల్సిన కథ ఇది. చెప్పింది మాత్రం: ‘ఇవి అమెరికన్ సామ్రాజ్యవాదుల గూఢచర్యానికి సాక్ష్యాలు.’ సాక్ష్యాలే, ఎవరు కాదన్నారు? గూఢచారి ఓడ కాదని ఇవాళ అమెరికా కూడా అనదు. ‘ఈ యంత్రాలు ఎంతవరకు పగిలి దొరికాయండీ?’ అని అడిగాను. సామ్రాజ్యవాదుల దగ్గర నుంచి మళ్లీ మొదలైంది. మా యాత్రా సంస్థ తరఫున వచ్చిన కుర్రాడు నా చొక్కా పట్టుకుని మెల్లగా లాగాడు. వైర్‌లెస్ గదిలో ప్రత్యేకంగా సమయం ఇప్పిస్తామని బీజింగ్‌లో ఒప్పుకున్నది ఆ సంస్థే. ఇక్కడికి వచ్చాక ఆ మాటే మరిచారు. రెండు మార్కులు దాటకపోవడానికి కారణం ఇదీ.

నావికులు రాసిన నేరాంగీకారం, విడుదల కోసం అమెరికా ఇచ్చిన క్షమాపణ పత్రం చూపిస్తారు. ప్రదర్శనలో వాళ్లకు అన్నిటికన్నా ఇష్టమైనవి అవే. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించినవీ అవే, ఎందుకంటే కాగితానికి అటువైపు ఎవరూ చూపించరు. బుచర్‌ను కొట్టి, తుపాకీ తలకు పెట్టి చంపుతామని బెదిరించారు. ఆయన లొంగలేదు. మీ కళ్లముందే మీ వాళ్లను ఒక్కొక్కరినీ, అందరికన్నా చిన్నవాడితో మొదలుపెట్టి, కాల్చేస్తాం అన్నాక సంతకం పెట్టాడు. డిసెంబరులో అమెరికా తరఫున క్షమాపణ మీద సంతకం చేసిన జనరల్ గిల్బర్ట్ వుడ్‌వర్డ్, ఆ పత్రంలో ఉన్నది నిజం కాదు, మనుషుల్ని విడిపించుకోవడానికే సంతకం చేస్తున్నానని చేసే ముందే నోటితో ప్రకటించాడు. అలా ప్రకటిస్తాడని కొరియన్లకూ ముందే తెలుసు. కాగితం వాళ్లది, మాట వీళ్లది. ప్రదర్శనశాలకు కాగితం దక్కింది కాబట్టి అదే గాజుపెట్టెలో ఉంది.

బందీల ఫొటోలు కూడా ఉన్నాయి. ప్రచారం కోసం తీసిన బృంద చిత్రాల్లో కొందరు నావికులు మధ్యవేలు చాచి కూర్చున్నారు. కాపలావాళ్లు అదేమిటని అడిగితే, హవాయిలో శుభం కలగాలని చేసే సంజ్ఞ అన్నారట. అమెరికన్ పత్రిక ఒకటి దాని అసలు అర్థం అచ్చు వేసేసింది. ఆ పత్రిక చేసిన తెలివితక్కువ పనికి బందీలు డిసెంబరులో వారం రోజులు నరకం చూశారు, కాపలావాళ్లు వాళ్లను ఎడాపెడా కొట్టారు. ఆ ఫొటో కోసం గోడలన్నీ వెతికాను. నాకు కనబడలేదు.

1968 డిసెంబరు 23న వాళ్లను రెండు కొరియాల సరిహద్దులోని పన్‌ముంజోమ్ దగ్గరి వంతెన మీదుగా ఒక్కొక్కరినే దక్షిణానికి నడిపించారు. కొరియా యుద్ధం ముగిశాక 1953లో ఖైదీల మార్పిడి జరిగిన వంతెన అదే. స్వదేశానికి తిరిగి వెళ్లం అన్న ఖైదీల బాధ్యత అప్పట్లో తటస్థ దేశాల సంఘం చూసింది, దానికి అధ్యక్షుడు మన జనరల్ తిమ్మయ్య. ఆ సంగతి మా గైడుకు చెబితే మర్యాదగా తల ఊపింది. ఇంటికి చేరాక బుచర్‌ను సొంత నౌకాదళమే విచారణకు కూర్చోబెట్టి, కోర్టు మార్షల్ (సైనిక న్యాయస్థానంలో విచారణ) చేయాలని సిఫార్సు చేసింది. వాళ్లు పడ్డ బాధ చాలు అని నౌకాదళ మంత్రి జాన్ చాఫీ కేసు మూసేశాడు. యుద్ధఖైదీల పతకాలు వాళ్లకు దక్కింది 1990లో. 2021లో అమెరికన్ కోర్టు సిబ్బందికి, కుటుంబాలకు కలిపి 230 కోట్ల డాలర్ల పరిహారం ఉత్తర కొరియా ఇవ్వాలని తీర్పు చెప్పింది. ఇవన్నీ ఓడలో ఉంటాయని ఆశించడం అమాయకత్వమే. అయినా టికెట్టు కొన్నవాడికి సగం సరుకే తూచి ఇచ్చారన్న అసంతృప్తి ఉంటుందా ఉండదా?

పోలిక ఎలాగూ తప్పదు. విశాఖ బీచిలో మన కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి, 2001 దాకా పనిచేసి, 2002 నుంచి ప్రదర్శనగా మారింది. అక్కడ వివరించేది రిటైరైన నౌకాదళం మనుషులు. పడక ఎంత ఇరుకో, స్నానం ఎన్ని రోజులకో అడగండి, చేత్తో కొలిచి చూపిస్తారు. ప్యూబ్లోలో ఆ పని చేసినవాళ్లెవరూ లేరు. ఓడ పక్కాగా ఉంది, రంగు కొత్తగా ఉంది, తుప్పు ఎక్కడా కనబడదు. నిర్వహణ విషయంలో మనవాళ్లు నేర్చుకోవాల్సిందే. విశాఖలో ఉప్పుగాలి ఇనుముకు చేసే అన్యాయం చూసినవాడిగా చెబుతున్నాను.

కాస్త పనికొచ్చే సంగతులు. ప్రదర్శనశాల భవనం లోపల ఫొటోలు తీయనివ్వలేదు, ఓడ మీద తీయనిచ్చారు. ఓడ నిచ్చెనలు నిటారుగా ఉంటాయి, గుమ్మాలు కిందకు ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు డెక్కు మీదే ఆగడం మేలు, కోల్పోయేది ఆ సినిమా మాత్రమే. చేతిసంచి పెద్దదైతే ఇరుకు దారిలో ప్రతి మలుపులో తగులుకుంటుంది. బయట దుకాణంలో ఈ ఓడ బొమ్మతో తపాలా బిళ్లలు దొరుకుతాయి. బేరం ఉండదు, చిల్లర మాత్రం ముందే చూసుకోండి, యూరోల్లో తీసుకుని చైనా యువాన్‌లో తిరిగి ఇచ్చారు నాకు. నాయకుల చిత్రాలున్న పత్రికలు కొంటే మడత పెట్టకండి. అది అక్కడ పెద్ద తప్పు.

ఎప్పుడైనా మనవాళ్లకు మళ్లీ దారి తెరిస్తే, డబ్బు కట్టే ముందే వైర్‌లెస్ గదిలో కనీసం అరగంట అని యాత్రా సంస్థ చేత రాతపూర్వకంగా ఒప్పించండి. నోటిమాట నమ్మకండి.